సైకిల్ ర్యాక్ కారు నంబర్ ప్లేటును కప్పేస్తే యూకేలో ఏం చేయాలి, ఎంతవుతుంది

మీరడిగింది ఇది. మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నారు, కారు ఆఫీసు ద్వారా తీసుకున్న లీజుది. ఆగస్టులో పిల్లలతో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లాలని డిక్కీ డోరుకి పట్టీలతో కట్టే ర్యాక్ ఒకటి కొన్నారు. మూడు సైకిళ్లు, పిల్లలవి రెండు, మీదొకటి, ఎక్కించి చూస్తే వెనక నంబర్ ప్లేటు సగం మాయం. ఆఫీసులో ఒకాయన అట్టముక్క మీద నంబరు రాసి కట్టేసుకో, ఎవడూ అడగడు అన్నాడు. ఇప్పుడు ఇంకో ప్లేటు చేయించాలా, డీవీఎల్ఏకి, అంటే వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థకి, ఫీజు కట్టాలా, మొత్తం ఎంతవుతుంది అని. వచ్చే ఏడాది ఫ్రాన్సో స్పెయినో వెళ్లాలని కూడా చివర్లో అన్నారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. అట్టముక్క కుదరదు. ఇంకో ప్లేటు చేయించాలి. డీవీఎల్ఏకి ఒక్క పెన్నీ కట్టక్కర్లేదు, పర్మిషన్ కూడా అడగక్కర్లేదు, ప్లేటు ఖర్చు పది నుంచి ఇరవై పౌండ్ల మధ్యలో తేలిపోతుంది. ఇక్కడిదాకా ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఏంటంటే ప్లేటును కప్పిన సైకిళ్లు దాదాపు ఎప్పుడూ వెనక లైట్లని కూడా కప్పుతాయి, డబ్బులు అయ్యేది అక్కడ. అందుకే ర్యాక్ కొన్నాక ప్లేటు గురించి ఆలోచించడం కాదు, ప్లేటూ లైట్లూ ఏమవుతాయో చూసుకుని ర్యాక్ కొనాలి. ఇది నేను వంద పౌండ్లు కట్టి నేర్చుకున్న పాఠం, మీకు ఊరికే ఇస్తున్నాను.

ఎనిమిదేళ్ల కిందట, సరిగ్గా మీలాగే, రెండు సైకిళ్లు డిక్కీకి కట్టుకుని పీక్ డిస్ట్రిక్ట్ బయల్దేరాం. నేనూ అట్టముక్క బాపతే. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చింపి, మా అమ్మాయి స్కెచ్ పెన్నుతో నంబరు రాసి, వాన పడుతుందేమోనని పాలిథిన్ కవర్లో పెట్టి జిప్ టైలతో సైకిల్‌కి కట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. చెస్టర్‌ఫీల్డ్ దాటాక వెనక నీలం లైట్లు. పోలీసాయన చాలా మర్యాదగానే ఉన్నాడు, కోపం లేదు, నన్ను కారు వెనక్కి తీసుకెళ్లి పది అడుగుల దూరంలో నిలబెట్టి "చదవండి" అన్నాడు. కవర్ లోపల ఆవిరి పట్టి సిరా కారిపోయింది. అసలు ప్లేటు మీద టైరు రెండక్షరాలని మింగేసింది. వంద పౌండ్ల టికెట్టు. తర్వాత ఆయనే సలహా ఇచ్చాడు, ముందు చక్రం ఊడదీసి డిక్కీలో పెట్టుకోండి, ప్లేటు కనబడుతుంది అని. క్విక్ రిలీజ్ చక్రం, అర నిమిషం పని. నిజంగానే కనబడింది! అంత చిన్న విషయం ఇంటి దగ్గర తట్టలేదు.

మీరు కూడా ముందు ఆ పని చేసి చూడండి. చక్రాలు తీస్తే, లేదా సైకిళ్ల వరస మారిస్తే, లేదా ర్యాక్ చేతుల్ని ఒక గంటు పైకి జరిపితే ప్లేటూ రెండు పక్కల లైట్లూ పూర్తిగా బయటపడుతున్నాయా? పడితే మీకు ఇంకో ప్లేటుతో పనే లేదు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. కారు వెనక ఇరవై మీటర్లు నడిచి, మధ్యలో నుంచి ఒకసారి, ఎడమకీ కుడికీ జరిగి ఒకసారి చూడండి. మనకి లైసెన్స్ టెస్టులో చూపు పరీక్షకి ప్లేటు చదవమనే దూరం అదే. ఒక్క అక్షరం మీద పెడల్ అడ్డం వచ్చినా కనబడనట్టే లెక్క.

ఇక రూలు. 1994 నాటి వెహికల్ ఎక్సైజ్ అండ్ రిజిస్ట్రేషన్ యాక్ట్‌లో ప్లేటు లేకపోవడం ఒక నేరం, ఉన్న ప్లేటు ఏదైనా అడ్డం వచ్చి కనబడకపోవడం ఇంకో నేరం. సైకిల్ కట్టాం కదా అనేది సాకు కాదు. మామూలుగా వంద పౌండ్ల ఫిక్స్‌డ్ పెనాల్టీ, కోర్టు దాకా వెళ్తే గరిష్ఠంగా 1,000 పౌండ్లు. లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు మాత్రం పడవు. అలా అని నిమ్మళంగా ఉండకండి, సైకిళ్లు సరిగ్గా కట్టక ఊగుతూ రోడ్డు మీద ఎవరికైనా అపాయం అనిపిస్తే అది వేరే సెక్షను, దానికి పాయింట్లు ఉన్నాయి.

ప్లేటు ఎలా ఉండాలో 2001 నాటి నిబంధనల్లో మిల్లీమీటర్లతో సహా రాసి పెట్టారు. వెనకది పసుపు మీద నల్ల అక్షరాలు. అక్షరం ఎత్తు 79, వెడల్పు 50. 2021 సెప్టెంబర్ 1 తర్వాత కొత్తగా బిగించే ప్లేటు బీఎస్ ఏయూ 145ఈ అనే స్టాండర్డ్‌కి తయారై ఉండాలి, ఆ నంబరూ, అమ్మినవాళ్ల పేరూ పోస్ట్‌కోడూ ప్లేటు కింద చిన్నగా అచ్చై ఉంటాయి. ర్యాక్‌కి తగిలించే ప్లేటుకి సడలింపు ఏమీ లేదు, అదీ నంబర్ ప్లేటే, కాబట్టి ఇవన్నీ ఉండాలి. ఇంట్లో ప్రింటర్ మీద తీసి లామినేట్ చేసినదీ, మార్కర్‌తో రాసినదీ లెక్కలోకి రావు.

ఒక జాగ్రత్త. షాపువాళ్లకి "సైకిల్ ర్యాక్‌కి" అని చెప్పినా "వెనకది, పసుపుది" అని విడిగా చెప్పండి. టికెట్టు పడ్డ వారమే నేను ఒక చిన్న షాపులో ఆర్డరిస్తే తెల్ల ప్లేటు చేసి ఇచ్చారు, ఇంటికొచ్చి కవరు విప్పాకగానీ చూసుకోలేదు. సైజు మామూలుగా 520 మిల్లీమీటర్ల పొడవు, 111 ఎత్తు, సైకిళ్ల వెనక కట్టే లైట్ బోర్డులూ, టో బార్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పెట్టే ర్యాక్‌లూ ఎక్కువగా దానికే గాడి పెట్టి చేస్తారు. మీ కారు వెనక చదరపు ప్లేటు ఉన్న జీపు బాపతైనా ర్యాక్‌కి పొడుగుదే చేయించుకోండి. వెనక కట్టే ఒక్క ప్లేటుకి నేను ఇచ్చింది 10 నుంచి 20 పౌండ్ల మధ్యలోనే. బోర్డర్లూ జెండాలూ పెట్టించి ఎక్కువ పెట్టడం దండగ, అది వానలో బురదలో తిరిగేది.

కాగితాల దగ్గర మీకు ఒక మెలిక ఉంది, లీజు కారు కాబట్టి. రిజిస్టరైన షాపు ఎక్కడైనా సరే, హాల్ఫోర్డ్స్ లాంటి కారు సామాన్ల షాపు కౌంటరైనా ఆన్‌లైనైనా, రెండు ఒరిజినల్ కాగితాలు అడుగుతుంది. ఒకటి మీరెవరో చెప్పేది, డ్రైవింగ్ లైసెన్సు చాలు. రెండోది ఈ నంబరు వాడుకునే హక్కు మీకుందని చెప్పేది, సొంత కారైతే వీ5సీ అనే రిజిస్ట్రేషన్ పత్రం, మనం లాగ్‌బుక్ అంటాం. లీజు కారు లాగ్‌బుక్ మీ దగ్గర ఉండదు, లీజు కంపెనీ దగ్గరుంటుంది. అందుకని వాళ్లకి మెయిలు పెట్టి ప్లేటు చేయించుకోవడానికి ఆథరైజేషన్ అడగాలి. దాన్ని వీ948 అంటారు, ఇప్పుడు చాలామంది ఈవీ948 అని పీడీఎఫ్ పంపుతున్నారు. లాగ్‌బుక్ రిఫరెన్స్ నంబరు వేసి ఇచ్చే అనుమతి పత్రమైనా షాపువాళ్లు తీసుకుంటారు. మెయిల్లో "సైకిల్ క్యారియర్ కోసం అదనపు వెనక ప్లేటు ఒకటి" అని స్పష్టంగా రాయండి, లేకపోతే ప్లేటు పోయిందనుకుని దొంగతనం కేసు నంబరు ఏదని అడుగుతారు, నా కొలీగ్ ఒకతనికి అలాగే నాలుగు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి.

కాగితాలేవీ అడగకుండా "షో ప్లేట్" అని అమ్మే సైట్లు ఉన్నాయి. వాటి జోలికి పోకండి. ధర కూడా ఏమంత తక్కువ కాదు, పైగా రోడ్డు మీద అది చెల్లదు.

కారుకున్న అసలు ప్లేటునే ఊడదీసి ర్యాక్‌కి పెట్టొచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. చేయొచ్చు, తప్పు కాదు. కానీ ఈ మధ్య ప్లేట్లన్నీ డబుల్ టేపుతో అంటిస్తున్నారు, పీకేటప్పుడు విరుగుతుంది, విరక్కుండా వచ్చినా లేక్ డిస్ట్రిక్ట్‌లో సైకిళ్లు దించి కారు తీసుకుని పాల ప్యాకెట్‌కి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ అంటించాలి. పదిహేను పౌండ్ల కోసం ఎందుకంత తిప్పలు.

ఇప్పుడు లైట్ల సంగతి, దీనికి కొంచెం ఓపిక పట్టండి.

సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా వెనక ప్లేటు మీద లైటు పడాలి. కారుకున్న చిన్న బల్బు కారు ప్లేటు మీద పడుతుందిగానీ మీరు సైకిల్‌కి కట్టిన ప్లేటు మీద పడదు. దానితోపాటు టెయిల్ లైట్లు, బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు, ఫాగ్ లైటు, ఇవి కప్పబడితే వాటన్నిటినీ వెనక్కి తెచ్చి మళ్లీ చూపించాలి. మేం పగలే వెళ్తాం అనొద్దు, ఇండికేటరూ బ్రేక్ లైటూ పగలు కూడా కావాలి, ఎం6 మోటార్‌వే మీద మీ వెనక లారీ వస్తున్నప్పుడు రూలు సంగతి దేవుడెరుగు, మీ ప్రాణానికే కావాలి. అందుకని విడిగా ప్లేటు కట్టడం కాకుండా లైట్ బోర్డు తీసుకుంటారు. మూడు నాలుగు అడుగుల పలక, రెండు చివర్లా లైట్లు, మధ్యలో ప్లేటుకి చోటు, దాని మీద చిన్న లైటు, నాలుగైదు మీటర్ల వైరు, చివర ఏడు పిన్నుల ప్లగ్గు. 25 నుంచి 50 పౌండ్లు. ప్లేటు దానికి క్లిప్పులతోనో చిన్న స్క్రూలతోనో బిగించి, బోర్డుని అన్నిటికన్నా వెనకున్న సైకిల్‌కి రబ్బరు పట్టీలతో కడతారు. ఆ పట్టీలు ఒకటి రెండేళ్లలో ఎండకి పగుళ్లిచ్చి తెగుతాయి, కాబట్టి నేను పట్టీ మీద జిప్ టై కూడా వేస్తాను.

బోర్డు కొన్నంత తేలిక కాదు, దాని ప్లగ్గు ఎక్కడ పెట్టాలి? టో బార్ లేని కారుకి సాకెట్ ఉండదు. పాత కార్లకి వెనక లైటు వైరుని కోసి గిల్లి జాయింట్ చేసేవాళ్లు, ఇప్పటి కార్లలో బల్బు కరెంటుని కూడా కంప్యూటర్ కనిపెట్టుకుని ఉంటుంది. కొంచెం తేడా వచ్చినా డ్యాష్‌బోర్డు మీద ఎర్రర్లు. కాబట్టి మధ్యలో బైపాస్ రిలే, అంటే కారు కంప్యూటర్‌కి తేడా తెలియకుండా బోర్డుకి విడిగా కరెంటు ఇచ్చే ముక్క, పెట్టి చేయాలి, అది తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ పని, మా వైపు నేను కనుక్కున్నప్పుడు వంద నుంచి రెండొందల దాకా చెప్పారు. లీజు కారైతే వైరింగు ముట్టుకోవడానికి కంపెనీ అనుమతి కావాలి, లేకపోతే వాపసు ఇచ్చేటప్పుడు బిల్లు వేస్తారు. వైర్లెస్ లైట్ బోర్డులని బ్యాటరీవి వస్తున్నాయి, వాటికి కూడా సిగ్నలు పంపే ముక్కని పెట్టడానికి కారులో ఒక సాకెట్ కావాల్సిన రకాలే ఎక్కువ. కొనేముందు ఆ వివరం చదవండి.

సాకెట్ ఉన్నవాళ్లకి ఒక చిన్న చిట్కా. కారుకి పదమూడు పిన్నుల సాకెట్ ఉండి బోర్డుకి ఏడు పిన్నుల ప్లగ్గు ఉంటే మధ్యలో అడాప్టర్ పెట్టాలి, పది పౌండ్ల లోపే. వాడకం అయ్యాక దాన్ని సాకెట్‌లోనే వదిలేయకండి, మూత పడక చెమ్మ చేరి పిన్నులు ఆకుపచ్చగా తుప్పు పడతాయి. పదమూడు పిన్నులది గుచ్చి కుడివైపు తిప్పితే ఠక్కున పడుతుంది, తిప్పకుండా వదిలేస్తే దార్లో ఊడిపోతుంది.

బయల్దేరే ముందు మా ఇంట్లో ఒక తంతు ఉంటుంది. నేను సీట్లో కూర్చుంటాను, మా ఆవిడ టీ కప్పుతో వెనక నిలబడుతుంది. "ఎడమ" అంటాను, "ఊఁ" అంటుంది. "కుడి." "ఊఁ." "బ్రేకు." "ఊఁ... ఆగు, కుడి ఇండికేటర్ కూడా మిణుకుమిణుకుమంటోంది." మొదటిసారి అలా అన్నప్పుడు బోర్డు పాడైందనుకుని వాపసు ఇవ్వబోయాను. కాదట. ఒకటి నొక్కితే ఇంకోటి మిణుకుమంటోందంటే ఎర్త్ సరిగా అందడం లేదని అర్థం. ఏడు పిన్నుల ప్లగ్గులో తెల్ల వైరు ఎర్త్‌ది. ప్లగ్గు విప్పి ఆ తెల్ల వైరు స్క్రూ బిగిస్తే పోయింది. పది నిమిషాల పని, ఒక స్క్రూడ్రైవర్. అప్పట్నుంచి ఆ స్క్రూడ్రైవర్ గ్లవ్ బాక్సులోనే ఉంటుంది. ఇంజన్ ఆపకుండా ఫాగ్ లైటు కూడా వేసి చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

ఇదంతా చదివాక మీకు అనిపించాలి, ఇంత గోల లేని ర్యాక్ లేదా అని. ఉంది. పట్టీల ర్యాక్‌లలోనే హై మౌంట్ అని ఒక రకం, సైకిళ్లని డిక్కీ అద్దం ఎత్తులో, ప్లేటుకీ లైట్లకీ పైన పట్టుకుంటుంది. 100 నుంచి 170 పౌండ్ల మధ్యలో మంచివే దొరుకుతాయి. వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు, సైకిళ్లని భుజం ఎత్తుకి లేపాలి, సైకిల్‌కి 15 కిలోల పరిమితి ఎక్కువ వాటికి, అంటే ఎలక్ట్రిక్ సైకిల్ పనికిరాదు. కానీ ప్లేటు కొనక్కర్లేదు, బోర్డు కొనక్కర్లేదు, వైరింగు లేదు. మీ కేసులో, పిల్లల సైకిళ్లు రెండూ మీదొకటీ అన్నారు కాబట్టి నా ఓటు దీనికే. మీరు కొన్నది ఆన్‌లైన్లో అయితే అందిన 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వాపసు ఇవ్వొచ్చు, ఆ హక్కు చట్టంలోనే ఉంది. కాకపోతే వాడేసి బురద అంటించి ఇస్తే కోత కోస్తారు. కొనేముందు మీ కారు మోడలుకి సరిపోతుందో తయారీదారు జాబితాలో చూడండి. డిక్కీ పైన ప్లాస్టిక్ స్పాయిలర్ ఉన్నవాటికీ, మొత్తం గాజు డోరు ఉన్నవాటికీ చాలా ర్యాక్‌లు వద్దంటారు. మా వీధిలో ఒకాయన జాబితా చూడకుండా కట్టి స్పాయిలర్ పగలగొట్టుకున్నాడు.

రూఫ్ ర్యాక్‌తో కూడా ప్లేటు సమస్య లేదు. దాని బాధ వేరు. ఎత్తు మర్చిపోతాం. ప్రయాణమంతా బాగానే నడిపి, చివర్లో సూపర్ మార్కెట్ పార్కింగ్ దగ్గర 2.1 మీటర్ల అడ్డకర్ర కింద దూరితే అప్పుడు వినబడే చప్పుడు ఉంది చూశారూ, అది జన్మలో మర్చిపోలేం. నేను చేయలేదు, పక్క సీట్లో కూర్చుని విన్నాను. అప్పట్నుంచి మా వాళ్లంతా స్టీరింగ్ మీద "పైన సైకిళ్లు" అని పసుపు స్టిక్కీ నోటు అంటించుకుంటారు.

ఇక టో బార్ ర్యాక్. అందరూ పొగిడేది ఇదే, పొగడాల్సిందే కూడా, ఎందుకంటే లైట్లూ ప్లేటు గాడీ దానిలోనే ఉంటాయి, నడుం ఎత్తులో సైకిల్ పెట్టి బిగించడమే, చాలావాటిని వంచితే డిక్కీ కూడా తెరుచుకుంటుంది. ప్లేటు మాత్రం మీరే చేయించుకుని పెట్టాలి, ర్యాక్‌తో రాదు. కానీ లెక్క చూడండి: ర్యాక్ ఓ మోస్తరుది 200 నుంచి, థూలే లాంటి పేరున్నవి 500, 700 దాకా. కారుకి టో బార్ లేకపోతే అది బిగించడానికి, సరైన వైరింగు కిట్‌తో కలిపి, కారుని బట్టి 400 నుంచి 900 పౌండ్లు. ఆ పక్కన మన పదిహేను పౌండ్ల ప్లేటు! అందుకే మొదట్లో అన్నాను, ప్లేటు ఖర్చు అడిగితే సరిపోదని. టో బార్ పెట్టిస్తే ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి, దాన్ని మార్పు కింద లెక్కేసే కంపెనీలు ఉన్నాయి. లీజు కారుకి రాతపూర్వక అనుమతి తప్పదు.

టో బార్ ఉన్నవాళ్లు కూడా ఒక కూడిక వేసుకోవాలి. టో బార్ చివరనుండే గుండు, టో బాల్, దాని మీద నిలువుగా ఎంత బరువు ఆనొచ్చో కారు హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, చాలా కార్లకి 75 కిలోలు. ర్యాక్ సొంత బరువే 20 అనుకుంటే మిగిలింది 55. మామూలు సైకిళ్లు మూడు హాయిగా పడతాయి. ఎలక్ట్రిక్‌వి ఒక్కొక్కటి 25 కిలోలు, రెండు పెడితే 50, అంతే, మూడోది లేదు. బ్యాటరీలు తీసి కారులో పెడితే కొంచెం తెరిపి. కొన్ని ఎలక్ట్రిక్ కార్లకి ట్రైలర్ లాగే అనుమతి లేకుండా సైకిల్ ర్యాక్ మాత్రమే పెట్టుకునే టో బార్ ఇస్తారు, అది మనకి చాలు.

ఖాళీ ర్యాక్ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతున్నా. సైకిళ్లు దించేశాక ర్యాక్‌ని మడిచి కారుకే వదిలేస్తారు. మడిచిన ర్యాక్ కూడా ప్లేటుకి అడ్డం వస్తే అదే నేరం, అదే వంద పౌండ్లు. వీకెండ్ అయ్యాక సోమవారం పొద్దున ఆఫీసుకి అలాగే బయల్దేరేవాళ్లని ప్రతి వారం చూస్తుంటాను. ఎంఓటీకి, అంటే ఏటా చేసే కారు పరీక్షకి, వెళ్లేటప్పుడు కూడా విప్పేసి వెళ్లండి.

డిక్కీకి కట్టే ఏ ర్యాక్ అయినా కారు కడిగి కట్టాలి. దుమ్ము మీద రబ్బరు పాదం పెట్టి మూడొందల మైళ్లు నడిపితే గరుకు కాగితంతో పాలిష్ చేసినట్టే, మీ లీజు వాళ్లు ఆ గీతల్ని ఫోటో తీసి మరీ బిల్లు పంపుతారు. పాత టీషర్ట్ ముక్కలు పెట్టకండి, గుడ్డ జారుతుంది. పారదర్శకంగా ఉండే రక్షణ ఫిల్మ్ దొరుకుతుంది, అది అంటించండి. ముప్ఫై మైళ్లు వెళ్లాక ఆగి పట్టీలు మళ్లీ లాగాలి, కొత్త పట్టీలు మొదటిరోజు సాగుతాయి. ఇంకోటి, సైలెన్సర్ గొట్టం ఎటువైపుందో చూసుకుని చక్రాన్ని దానికి దూరంగా పెట్టండి. మాకు ఒకసారి టైరు సరిగ్గా గొట్టం ఎదురుగా వచ్చింది, మోటార్‌వే పక్కనుండే సర్వీసెస్‌లో ఆగి కాఫీ తాగుతుంటే ఢామ్మని పేలింది, పక్క టేబుల్ వాళ్లు కప్పు వదిలేశారు.

వచ్చే ఏడాది ఫ్రాన్సో స్పెయినో అన్నారు కదా చివర్లో. అప్పుడు ర్యాక్ మీదున్న ప్లేటుకి కూడా యూకే అన్న గుర్తు ఉండాలి, పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లడం లేదు. స్పెయిన్‌కైతే ప్లేటు మీద గుర్తున్నా విడిగా స్టిక్కర్ అంటించాల్సిందే. స్పెయిన్, ఇటలీల్లో ఇంకోటి అడుగుతారు, వెనక్కి పొడుచుకొచ్చే సైకిళ్ల మీద అర మీటరు చదరం, ఎరుపూ తెలుపూ ఏటవాలు గీతల పలక. చవకే, ముందే ఆర్డర్ చేసుకుంటే టెన్షన్ ఉండదు.

ఈ లెక్కలు ఇండియాకి వర్తించవు, ఎవరైనా చదివి అక్కడ చేసేస్తారేమో. మా తమ్ముడు హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్‌కి, అదే 2023లో తెరిచిన 23 కిలోమీటర్లది, కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్తుంటాడు. "నాకూ ఒక ప్లేటు చేయించమంటావా అన్నయ్యా" అన్నాడు. వద్దన్నాను. అక్కడిది హాలోగ్రామూ లేజర్ నంబరూ ఉన్న హై సెక్యూరిటీ ప్లేటు, వీధి చివర షాపులో చేయించింది దానికి సాటి రాదు. రూఫ్ ర్యాక్ వేయించుకోమన్నాను. వేయించుకున్నాడు, వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ ఎత్తు కొలుచుకుని మరీ.

మీ విషయానికొస్తే, ఆగస్టుకి టైముంది. ఈ శనివారం మూడు సైకిళ్లూ ఎక్కించి, చక్రాలు తీసి ఒకసారి, తీయకుండా ఒకసారి ఫోటోలు తీయండి. ప్లేటూ లైట్లూ బయటపడకపోతే ర్యాక్ వాపసు ఇచ్చి హై మౌంట్ తెచ్చుకోండి, గడువు దాటిపోయి ఉంటే మాత్రం ప్లేటు, బోర్డు, సాకెట్ కలిపి నూట ముప్ఫై అయిదు నుంచి రెండొందల డెబ్బై దాకా పెట్టుకోవాల్సి వస్తుంది. అలా ఉంచుకునేటట్టయితే లీజు వాళ్లకి ఆ ఆథరైజేషన్ మెయిలు ఈ రాత్రే పెట్టేయండి, వాళ్ల నుంచి జవాబు రావడానికే నాకు పదకొండు రోజులు పట్టింది. ఫోటోలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను, ప్లేటులోని అక్షరాలు చెరిపేసి పెట్టండి.